సిస్సీ గారి అబ్బాయి



ఆడవాళ్ళ కార్యక్రమంలో ఫుట్‌బాల్ గురించి ప్రసంగమేమిటా అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నిజమే మరి. బంతితో మనకుండే సంబంధం ఏపాటిది? కిటికీ అద్దం పగిలితే పక్కింటావిడకి సమాధానం చెప్పుకోవటం, బురద కొట్టుకొచ్చిన చొక్కాలు నానబెట్టుకోవటం, "పరీక్షలు ముంచుకొస్తుంటే ఆ బంతేమిట్రా!" అని కేకలెయ్యటం. అంతకుమించి ఏముంది?

అయితే ఇవాళ నేను చెప్పబోయే ఆటగాడి ఇంట్లో వ్యవహారం తిరగేసి ఉండేది. ఆ ఇంట్లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నది తండ్రికి కాదు, తల్లికి. ఆ అబ్బాయి పేరు బాబీ చార్ల్‌టన్. ఇంగ్లండు దేశం తరపున 106 ఆటలాడి, 49 గోళ్ళు చేసి, 1966లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ముఖ్యుడైనవాడు. ఆయన గోళ్ళ లెక్కలు మగవాళ్ళు ఎలాగూ చెప్పుకుంటారు. మనం ఆయన వెనకున్న ఇంటి సంగతి కూడా చెప్పుకుందాం. ఎందుకంటే ఆ ఇంట్లో జరిగినవన్నీ మన ఇళ్ళల్లో జరిగేవే.

బాబీ 1937 అక్టోబరు 11న పుట్టాడు. ఇంగ్లండుకు ఉత్తరాన, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆషింగ్టన్ అనే బొగ్గు గనుల ఊరు. మనకి కొత్తగూడెం, ఇల్లెందు ఎలాగో వాళ్ళకి ఆషింగ్టన్ అలాగ అనుకోండి. వరసగా ఒకేలాంటి చిన్న చిన్న ఇళ్ళు. మగవాళ్ళంతా గనిలోకి దిగేవాళ్ళే. తండ్రి బాబ్ చార్ల్‌టన్ కూడా గని కార్మికుడే. ఆయనకి ఫుట్‌బాల్ మీద బొత్తిగా ధ్యాస లేదు. కుస్తీలాంటి బాక్సింగ్ అంటేనే ఇష్టం.

ఇక తల్లి. ఆవిడ పేరు ఎలిజబెత్, అందరూ పిలిచేది సిస్సీ అని. పుట్టిల్లు మిల్‌బర్న్ వారి ఇల్లు. ఆవిడ నలుగురు అన్నదమ్ములూ డబ్బు పుచ్చుకుని ఫుట్‌బాల్ ఆడే వృత్తి ఆటగాళ్ళే! దగ్గర చుట్టమైన జాకీ మిల్‌బర్న్ అయితే న్యూకాసిల్ జట్టుకి పెద్ద పేరున్న ఆటగాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి ఆట మీద మనసు పోకుండా ఎలా ఉంటుంది? కానీ ఆడపిల్లకి దారేదీ? 1921లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం వారు ఈ ఆట ఆడవాళ్ళకి తగదని తేల్చి, తమ కిందనున్న మైదానాల్లో ఆడవాళ్ళ ఆటలు జరగరాదని నిషేధం పెట్టారు. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది. నిషేధం వచ్చేనాటికి సిస్సీ ఇంకా చిన్నపిల్ల. అది పోయేనాటికి మనవలున్న నాయనమ్మ.

ఆవిడ తన ముచ్చటని కొడుకుల్లో చూసుకుంది. నలుగురు కొడుకులు: జాక్, బాబీ, గోర్డన్, టామీ. ఇంటిపని చేసుకుంటూనే పిల్లల వెంట మైదానానికి వెళ్ళేది. ఊళ్ళో బడిపిల్లల జట్టుకి ఆట కూడా చెప్పేది. ఆ రోజుల్లో ఒక గని కార్మికుడి భార్య గౌనుతో బంతి తన్నుతూ మగపిల్లలకి ఆట చూపిస్తుంటే ఊరు ఏమనుకుని ఉంటుందో మీరే ఊహించుకోండి. "సిస్సీ నేర్పబట్టే బాబీ అంతవాడయ్యాడు" అని తరవాత లోకమంతా అన్నది. బాబీ మాత్రం ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేదు. తనకి ఆట పుట్టుకతో వచ్చిందనీ, తాతగారి దగ్గరా మేనమామల దగ్గరా కూడా నేర్చుకున్నాననీ అనేవాడు. కావచ్చు. ఎవరెంత నేర్పారో తూచటం ఎవరి తరం! కానీ ఇంట్లో ఆటకి గౌరవం తెచ్చింది మాత్రం తల్లే.

బాబీ చదువులోనూ మంచివాడే. పరీక్ష నెగ్గి పెద్ద బడిలో సీటు తెచ్చుకున్నాడు. 1953లో ఒక బడిపిల్లల ఆట చూడటానికి మాంచెస్టర్ యునైటెడ్ అనే పెద్ద క్లబ్బు మనిషి జో ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు. ఆయన పని అదే, ఊరూరా తిరిగి పనికొచ్చే కుర్రాళ్ళని ఏరుకోవటం. బాబీని చూడగానే "ఈ పిల్లాణ్ణి మాకివ్వండి" అన్నాడు.

ఇక్కడ చూడండి తల్లి మనసు! అంత ఆటపిచ్చి ఉన్న సిస్సీ, కొడుకు అదే బతుకు తెరువుగా ఎంచుకుంటాడనేసరికి వెనకాడింది. ఆట అంటే ఇష్టం వేరు, అన్నం పెట్టే పని వేరు. కాలు విరిగితే ఏమిటి గతి? అన్నదమ్ముల బతుకులు కళ్ళారా చూసిన మనిషి కాబట్టి ఆ భయం ఆవిడకి తెలుసు. పైగా ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆటగాడికి ఇంతకుమించి జీతం ఇవ్వకూడదని నియమం ఉండేది. 1961లో ఆ నియమం ఎత్తేసే ముందు కూడా వారానికి 20 పౌన్లే పరిమితి. ఇప్పటి ఆటగాళ్ళ కోట్ల సంగతి వినే మనకి ఆశ్చర్యంగా ఉంటుంది. చివరికి ఒప్పందం ఏమిటంటే, బాబీ మాంచెస్టర్‌కి వెళ్ళాలి, కానీ ముందు ఇంజనీరింగ్ పని నేర్చుకుంటూ ఉండాలి. పగలు కర్మాగారంలో పని, మిగిలిన వేళల్లో ఆట. 1954 అక్టోబరులో గాని పూర్తి వృత్తి ఆటగాడు కాలేదు. "ముందొక చేతిపని నేర్చుకోరా నాయనా" అన్న మాట ఏ దేశంలోనైనా తల్లులందరూ అనేదే కదూ!

మాంచెస్టర్ యునైటెడ్‌కి అప్పుడు శిక్షణాధికారి మాట్ బజ్‌బీ. డబ్బు పోసి పేరున్నవాళ్ళని కొనటం కంటే, చిన్నప్పుడే పిల్లల్ని తెచ్చి పెంచుకోవటం మేలని నమ్మిన మనిషి. ఆ కుర్రాళ్ళని జనం 'బజ్‌బీ పిల్లలు' అని ముద్దుగా పిలిచేవారు. ఊరు కాని ఊరొచ్చిన ఆ పిల్లలంతా కొందరు గృహిణుల ఇళ్ళల్లో ఉండి వాళ్ళ చేతి అన్నం తింటూ అన్నదమ్ముల్లా పెరిగారు. 1956లో, 1957లో వరసగా రెండుసార్లు దేశంలోకెల్లా మొదటి స్థానంలో నిలిచారు. బాబీ 1956 అక్టోబరు 6న మొదటి పెద్ద ఆట ఆడి, ఆ రోజే రెండు గోళ్ళు చేశాడు.

అప్పుడొచ్చింది 1958 ఫిబ్రవరి 6.

జట్టు యూగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఆట ముగించుకుని విమానంలో తిరిగొస్తోంది. ఇంధనం కోసం జర్మనీలోని మ్యూనిక్‌లో ఆగింది. విపరీతమైన మంచు. విమానం రెండుసార్లు లేవబోయి లేవలేక ఆగిపోయింది. అందర్నీ దింపి, కాసేపటికి మళ్ళీ ఎక్కించారు. అప్పుడు ఇద్దరు స్నేహితులు, టామీ టేలర్, డేవిడ్ పెగ్, విమానం వెనక భాగమైతే క్షేమమని అటు వెళ్ళారు. బాబీ, డెన్నిస్ వయొలెట్ వాళ్ళతో సీట్లు మార్చుకుని ముందుకొచ్చారు. ఎంత చిన్న సంగతి! బస్సులో మనం రోజూ చేసే పని. మూడోసారి విమానం పరుగెత్తింది. దారి మీద కరిగీ కరగని మంచుముద్ద వేగాన్ని పట్టేసింది. గాలిలోకి లేవలేదు. కంచె తెంచుకుని వెళ్ళి ఒక ఇంటిని గుద్దుకుంది.

మొత్తం 44 మందిలో 23 మంది పోయారు. అందులో 8 మంది ఆటగాళ్ళు. టేలర్, పెగ్ ఇద్దరూ పోయారు. సీటులోనే స్పృహ తప్పి పడి ఉన్న బాబీనీ, వయొలెట్‌నీ గోల్‌కీపర్ హ్యారీ గ్రెగ్ ప్యాంటు నడుము దగ్గర పట్టుకుని దూరంగా ఈడ్చాడు. విమానం ఏ క్షణాన పేలుతుందోనని అందరూ పరుగెత్తమంటుంటే, ఆ గ్రెగ్ లోపలికి దూరి ఒక పసిపాపనీ, ఆ పాప తల్లినీ కూడా బయటికి తెచ్చాడు. ఆ తల్లి అప్పుడు గర్భవతి. జట్టు నాయకుడు రోజర్ బర్న్ భార్య సంగతి వింటే గుండె చెరువవుతుంది. తాను తల్లి కాబోతున్నానన్న శుభవార్త ఆయన ఇంటికి రాగానే చెప్పాలని ఆవిడ ఎదురుచూస్తోంది. ఆయన రాలేదు.

ఆ జట్టులో అందరికంటే గొప్పవాడని బాబీ జీవితాంతం చెప్పిన డంకన్ ఎడ్వర్డ్స్ ఆసుపత్రిలో 15 రోజులు కొట్టుమిట్టాడి కన్నుమూశాడు. వయస్సు 21. బాబీకి అప్పటికి 20. తలకి చిన్న గాయం, అంతే. కొద్ది రోజులకే ఇంటికి పంపేశారు. పైకి కనిపించని గాయం మాత్రం మానలేదు. "వాళ్ళంతా పోయి నేనెందుకు మిగిలాను?" అన్న ప్రశ్న తనని వదల్లేదని పెద్దవయస్సులో రాసుకున్న ఆత్మకథలో కూడా చెప్పుకున్నాడు. నవ్వుతూ తుళ్ళుతూ ఉండే కుర్రాడు ఆనాటి నుంచీ ముభావంగా మారిపోయాడని అన్న జాక్ అనేవాడు.

దుఃఖం వచ్చినప్పుడు కొందరు బావురుమని ఏడుస్తారు, కొందరు బిగుసుకుపోతారు. బిగుసుకుపోయినవాణ్ణి చూసి "వీడికేం, గట్టివాడు" అనుకుంటాం. అది పొరపాటు. అలాంటి బిడ్డ ఇంట్లో ఉంటే, మాట్లాడమని పీకకుండా, ఒంటరిగానూ వదలకుండా పక్కన ఒక మనిషి ఉండాలి. బాబీ ఆషింగ్టన్‌కి, అమ్మానాన్నల ఇంటికి చేరాడు. ఆ వీధిలోనే చిన్నపిల్లలతో కలిసి మెల్లగా మళ్ళీ బంతి తన్నాడు. మార్చి 1న, ప్రమాదం జరిగి నెల కూడా నిండకముందే, మళ్ళీ జట్టులో నిలబడ్డాడు. ఏప్రిల్ 19న దేశం తరపున మొదటిసారి ఆడి గోలు కూడా చేశాడు. చిత్రమేమిటంటే, ఆ మే నెలలోనే ఇంగ్లండు జట్టుతో మళ్ళీ విమానమెక్కి అదే బెల్‌గ్రేడ్‌కి వెళ్ళవలసొచ్చింది. ఎలా వెళ్ళాడో ఏమో!

1961లో నార్మాని పెళ్ళాడాడు. ఇద్దరు ఆడపిల్లలు. అప్పటికే నెత్తి పలచబడటం మొదలైంది. మిగిలిన నాలుగు వెంట్రుకలూ ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జాగ్రత్తగా దువ్వుకునేవాడు. పరుగెత్తితే అవి జెండాలా ఎగిరేవి. ఆ జుట్టు ప్రపంచమంతటికీ గుర్తు! రెండు కాళ్ళతోనూ సమానంగా, దూరంనుంచి ఉరుములా కొట్టే దెబ్బ ఆయన ప్రత్యేకత. ఇంకో ప్రత్యేకత మర్యాద. అన్ని ఏళ్ళ ఆటలో ఒక్కసారి కూడా రిఫరీ ఆయన్ని మైదానం నుంచి బయటికి పంపలేదు.

1966లో ప్రపంచ కప్పు పోటీలు ఇంగ్లండులోనే జరిగాయి. బాబీతో పాటు అన్న జాక్ కూడా జట్టులో ఉన్నాడు. ఒక తల్లికి ఇద్దరు కొడుకులు ఒకే ప్రపంచ కప్పు జట్టులో! జూలై 26న పోర్చుగల్‌తో సెమీఫైనల్. బాబీ రెండు గోళ్ళు చేసి ఇంగ్లండుని గెలిపించాడు. ఆ ఆట జరుగుతున్నప్పుడు తండ్రి ఎక్కడున్నాడనుకున్నారు? గనిలో, తన డ్యూటీలో. తోటివాళ్ళ మీద తన పని పడకూడదని మానలేదట. జూలై 30న ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద 4-2తో గెలిచి కప్పు తెచ్చుకున్నారు. ఆట ముగిశాక అన్నదమ్ములు కౌగలించుకున్నారు. ఆ ఏడాది యూరప్‌లోకెల్లా ఉత్తమ ఆటగాడి బహుమతి బాబీకే వచ్చింది.

ఇక్కడే ఒక సరదా సంగతి. ఆ పోటీల్లో అర్జెంటీనాతో జరిగిన ఆటలో రిఫరీ అన్నదమ్ములిద్దర్నీ హెచ్చరించాడట. భాష తెలియక ఆ సంగతి వాళ్ళకే తెలియలేదు, మర్నాడు పేపర్లో వచ్చింది! ఆ గందరగోళం చూసిన కెన్ ఆస్టన్ అనే అధికారి, కారులో పోతూ ట్రాఫిక్ దీపాలు చూసి, పసుపుపచ్చ కార్డు, ఎర్ర కార్డు అనే ఆలోచన చేశాడు. 1970 ప్రపంచ కప్పు నుంచీ అవి వాడుకలోకి వచ్చాయి. ఇవాళ టీవీలో మీ పిల్లలు చూసే ఆ కార్డుల వెనక కథ అదీ.

బాబీ మనసులో మిగిలిన బాకీ మాత్రం ఇంకోటి. మ్యూనిక్‌లో స్నేహితులు పోయింది యూరోపియన్ కప్పు కోసం ఆడుతూనే. పదేళ్ళ తరవాత, 1968 మే 29న, మాంచెస్టర్ యునైటెడ్ ఆ కప్పు గెలిచింది. నాయకుడు బాబీ. బెన్‌ఫికా జట్టు మీద 4-1. అందులో రెండు గోళ్ళు ఆయనవే. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన బజ్‌బీ, ప్రమాదంలో బతికి బయటపడ్డ బిల్ ఫోక్స్, బాబీ ముగ్గురూ ఆ రాత్రి మైదానంలో ఉన్నారు. ఊరంతా విందుల్లో మునిగితే బాబీ మాత్రం నీరసంతో గది దాటి రాలేకపోయాడు. పదేళ్ళ బరువు ఒక్కసారి దించుకుంటే ఒళ్ళు తేలిపోదూ మరి!

1973 ఏప్రిల్ 28న తన క్లబ్బుకి 758వ ఆట, అదే చివరిది. అదే రోజు ఇంకో ఊళ్ళో అన్న జాక్ కూడా తన క్లబ్బుకి చివరి ఆట ఆడాడు. తరవాత క్లబ్బు డైరెక్టరయ్యాడు, 1994లో 'సర్' బిరుదు వచ్చింది. పెద్దతనంలో యుద్ధం జరిగిన దేశాల్లో భూమిలో పాతిన మందుపాతరల వల్ల కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న పిల్లల్ని చూసి చలించి, ఆ పాతరల్ని కనిపెట్టి తీసే మంచి పద్ధతుల కోసం 2011లో ఒక ధర్మ సంస్థ పెట్టాడు. కాళ్ళతో పేరు తెచ్చుకున్న మనిషి పిల్లల కాళ్ళ గురించి ఆలోచించాడు.

అంతా బాగానే ఉంది. కానీ ఇల్లు? ఇంటి మాట చెప్పకుండా ఎలా? అత్తగారు సిస్సీకీ, కోడలు నార్మాకీ పడలేదు. మనకి కొత్త సంగతేమీ కాదు! ఒకరిది బొగ్గు గనుల ఊళ్ళో నలుగురితో కలివిడిగా బతికిన పద్ధతి, ఇంకొకరిది నిమ్మళంగా తలుపేసుకుని ఉండే పద్ధతి. ఎవరిది తప్పని మనం తీర్పు చెప్పక్కర్లేదు. బాబీ ఇంటికి రాకపోకలు తగ్గించేశాడు. సిస్సీ 1996లో పోయింది. అమ్మని చివరి రోజుల్లో చూడలేదని జాక్ బాహాటంగా నిష్ఠూరమాడాడు, నా భార్యని చిన్నచూపు చూశారని బాబీ బాధపడ్డాడు. ప్రపంచమంతా చూస్తుండగా కౌగలించుకున్న అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాటల్లేకుండా ఉండిపోయారు. 2008 డిసెంబరులో బీబీసీ వారు బాబీకి జీవిత సాఫల్య బహుమతి ఇస్తే, దాన్ని అందించింది జాక్. పుట్టుకతో వచ్చిన ప్రతిభలో తాను చూసినవాళ్ళలోకెల్లా తమ్ముడే గొప్పవాడని అంతమంది ముందూ చెప్పాడు. బాబీ కళ్ళు చెమర్చాయి. ఆ మాట వినటానికి సిస్సీ లేదు. అదే నాకు బాధ. మన ఇళ్ళల్లోనూ ఇలాంటి పట్టింపులుంటాయి. పెద్దవాళ్ళు కళ్ళెదుట ఉండగానే తెంచుకుంటే ఎంత బాగుంటుందో!

ఇక చివరి సంగతి, బిడ్డల తల్లులు శ్రద్ధగా వినవలసింది. జాక్ 2020 జూలైలో పోయాడు. చివర్లో ఆయనకి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, తెలివిడి క్రమంగా నశించే జబ్బు ఉంది. అదే ఏడాది నవంబరులో బాబీకీ అదే జబ్బని తెలిసింది. 2023 అక్టోబరు 21న, 86వ ఏట, ఆయన కన్నుమూశాడు. 1966 జట్టులో మరికొందరికీ ఇదే జబ్బు వచ్చింది. ఫలానావారికి ఫలానా కారణం వల్లే వచ్చిందని చెప్పలేం గాని, 2019లో స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయం వారు పాత వృత్తి ఆటగాళ్ళ లెక్కలు తీస్తే, మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవటం మామూలు జనం కంటే వాళ్ళలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. బంతిని పదే పదే తలతో కొట్టటం మీద అనుమానం బలపడింది. పాతకాలపు తోలు బంతి తడిస్తే నీళ్ళు పీల్చుకుని బరువెక్కేది కూడా. 2020లో ఇంగ్లండు సంఘం వారు ప్రాథమిక పాఠశాల వయస్సు పిల్లలకి శిక్షణలో తలతో బంతి కొట్టించవద్దని చెప్పారు.

ఈ మాట విని పిల్లల ఆట మానిపించకండి. ఆట మంచిదే. చిన్నపిల్లలకి కాళ్ళతో ఆట నేర్పమని, తలతో కొట్టే సాధన పెద్దయ్యాక చూసుకోవచ్చని మేష్టారికి చెప్పండి. ఆటలో తలకి దెబ్బ తగిలి పిల్లవాడు వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా, మాట తడబడినా "ఏం కాదులే" అని పడుకోబెట్టకుండా డాక్టరుకి చూపించండి. ఆటలో మన పిల్లలెంత పైకొస్తారో మనం చెప్పలేం. క్షేమంగా ఆడుకునేలా చూడటం మాత్రం మన చేతిలో ఉంది. మీ అమ్మాయి కూడా బంతి పట్టుకుని వీధిలోకి వెళతానంటే వెళ్ళనివ్వండి. సిస్సీ కాలంలో ఆడపిల్లలకి తలుపులు మూసి ఉండేవి. అదే ఇంగ్లండులో ఇప్పుడు ఆడపిల్లల జట్టు 2022లోనూ, 2025లోనూ యూరప్ ఛాంపియన్ అయింది.

సెలవు.